అశోకవనమున సీతమ్మ చేసిన పరీక్ష

శ్రీమద్రామాయణమున సీతమ్మ దిక్కులేక ఒంటరిగా నున్న వేళ ఇరువురు అపరిచితులు ఆమె యొద్దకు వచ్చిరి. ఒకడు పంచవటిలోని పర్ణశాలకు వచ్చెను. మరొకడు లంకలోని అశోకవనమునకు వచ్చెను. ఇరువురును తమ నిజరూపమును మరుగుపరచియే వచ్చిరి. ఇరువురును మధురముగానే మాటలాడిరి. కాని మొదటివాడు ఆ తల్లిని చెరపట్టెను; రెండవవాడు ఆమె ప్రాణములు నిలిపెను. మాటలోని తీపిని బట్టి మనిషిని నిర్ణయింపరాదని ఈ రెండు ఘట్టములును చెప్పుచున్నవి. మరి దేనిని బట్టి నిర్ణయింపవలెను? ఈ ప్రశ్న త్రేతాయుగముతో తీరిపోలేదు. నేడు ప్రతి గృహస్థుని చేతిలోని ఫోనులోనికి అది మరల వచ్చి నిలిచినది.

వరంగల్లు నుండి డోర్నకల్లు వైపు పోవు రైలు మార్గమున కేసముద్రం అను ఊరు కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016 అక్టోబరు 11 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఇచటి వ్యవసాయ మార్కెట్టును ఎరుగని రైతు చుట్టుపట్ల లేడు. భద్రాద్రి రాముని దర్శనమునకు ఈ దారినే యాత్రికులు పోవుచుందురు. ఇట్టి ఊళ్లలో చదువుకొన్న బిడ్డలు హైదరాబాదునకో, విదేశములకో తరలిపోగా, పెద్ద ఇండ్లలో ఒక్కొక్క ప్రాణమే మిగులుచున్నది. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు, భార్య గతించిన విశ్రాంత ఉద్యోగి, సంబంధము కుదరక వయస్సు మీరుచున్న యువకుడు, కాపురము చెడి పుట్టింట తలవంచుకొని బ్రతుకు ఆడుబిడ్డ: వీరికి పగలు ఎట్లో గడచును, సంధ్యాదీపము పెట్టిన తరువాత ఇల్లు నోరు తెరచుకొని చూచును. ఆ వేళ ఫోనులో ఒక పలకరింపు వచ్చును.

పలకరించినవాడు తాను లండనులో వైద్యుడననును, లేదా ఓడలో ఇంజనీరుననును, లేదా సైన్యములో అధికారిననును. భార్య చనిపోయినదని, చిన్న బిడ్డ కలదని చెప్పును. పురుషుని వలలో వేయదలచినచో స్త్రీ పేరుతో వచ్చును. పెండ్లి సంబంధముల వేదికలలో చేరి వరుడననియు వధువుననియు చెప్పుకొనువారును కలరు. చూపు ఛాయాచిత్రము వేరొకరిది, దొంగిలించినది. ఉదయమే దేవుని పటముతో శుభోదయము పంపును. భోజనమైనదా యని అడుగును. మందు వేసికొంటిరా యని అడుగును. కన్నబిడ్డలు వారమునకొకమారు అడుగు ప్రశ్నను ఇతడు దినమునకు మూడుమారులు అడుగును. ఇట్లు వారములు, మాసములు గడచును. ధనము మాట మాత్రము ఎత్తడు.

పిమ్మట ఒకనాడు బంగారము, విదేశీ ద్రవ్యము గల పెట్టెను కానుకగా పంపితినని చెప్పును. మరునాడు విమానాశ్రయ కస్టమ్సు కార్యాలయమునుండి యని వేరొక గొంతు పలుకును. పెట్టె విడిపించుటకు సుంకము కట్టవలెననును. కట్టినచో జరిమానా యనును. అదియు కట్టినచో పన్ను అనును. కట్టకున్న చెరసాల తప్పదని బెదరించును. మరికొందరు ఆపద కథ చెప్పి ఆస్పత్రి ఖర్చు అడుగుదురు. ఇంకొందరు ఇద్దరి భవిష్యత్తు కొరకని చెప్పి ఒక యాప్‌లో పెట్టుబడి పెట్టింతురు. తెరపై లాభము అంకెలుగా పెరుగుచుండును, తీసికొనబోయినచో పైసా రాదు. వ్యక్తుల ఖాతాలలో సుంకము వేయుమని కస్టమ్సు శాఖ ఎన్నడును ఫోనులో అడుగదని ఆ శాఖయే పలుమారులు ప్రకటించి యున్నది. కాని అప్పటికి వినువారి చెవి ఆ శాఖ మాటకంటె ఆ గొంతునే నమ్మియుండును.

ఇప్పుడు పంచవటిని స్మరింతము. రావణుడు పది తలలతో రాలేదు. మెత్తని కాషాయము కట్టి, శిఖ, గొడుగు, పాదరక్షలు ధరించి, ఎడమ భుజమున దండకమండలువులు తాల్చి, వేదఘోష చేయుచు వచ్చెను. లోకము దేనిని గౌరవించునో ఆ వేషమునే వేసెను. నేటి మోసగాడు వైద్యుని కోటును, సైనికుని దుస్తులను ఎరువు తెచ్చుకొనుట ఇందువలననే. వచ్చినవాడు మొదట చేసినదేమి? ఆమె సౌందర్యమును పొగడెను. సన్న్యాసి నోట రాకూడని మాట అది. పిదప నీవెవరవని అడిగెను. అతిథి యను భావముతోను, బ్రాహ్మణుడు శపించునేమో యను భయముతోను ఆ తల్లి తన కథయంతయు చెప్పెను. పొగడ్త, పరిచయము, రహస్యముల సేకరణ, ఆ తరువాత నిజరూపము: వరుస మారలేదు.

అంతకు ముందు జరిగినది ఇంకను గమనింపదగినది. బంగారు లేడిని చూచినంతనే లక్ష్మణుడు ఇది మారీచుని మాయ యని చెప్పెను. అయినను లేడిపై మనసు నిలిచినది. తరువాత రాముని గొంతుతో కేక వినబడగా, అన్నకు ఆపద రాదని లక్ష్మణుడు మరల చెప్పెను. కాపాడవచ్చినవాడే అప్పుడు కఠినమైన నింద మోయవలసి వచ్చెను. లక్ష్మణుడు దూరమైన పిదపనే రావణుడు వచ్చెను. ఒంటరితనము దొరకనిచో మోసగాడు దానిని కల్పించును. మన సంగతి ఎవరికిని చెప్పవద్దు, నీ బిడ్డలకు నీ ఆస్తిపైననే కన్ను, నీ తమ్ముడు అసూయాపరుడు అని చెవిలో పోయును. అందువలననే హెచ్చరించిన కుమారుని తల్లి కసరుకొనును. వారించిన చెల్లెలితో అన్న మాట మానును. అట్టివేళ ఇంటివారు అలిగి దూరము పోరాదు. దూరము పోయిన చోటనే కాషాయము లోపలికి వచ్చును.

ఇక అశోకవనము. ఒకమారు మోసపోయిన సీతమ్మ ఈసారి ఏమి చేసెను? హనుమంతుడు మృదువుగా రామకథ చెప్పినను వెంటనే నమ్మలేదు. వీడు రావణుడే వేషము మార్చి వచ్చెనేమో యని శంకించి, ఆ శంకను మనసున దాచుకొనక అతని యెదుటనే పలికెను. రాముని గుర్తులేవి, లక్ష్మణుని రూపమెట్టిది, నరులకును వానరులకును మైత్రి ఎట్లు కుదిరినది అని అడిగెను. హనుమంతుడు కోపపడెనా? నన్నే అనుమానింతువా యని అలిగెనా? లేదు. అడిగిన ప్రతిదానికిని ఓర్పుతో ఉత్తరము చెప్పి, పిమ్మట శ్రీరామ నామాంకితమైన అంగుళీయకమును చేతికిచ్చెను. అది చూచిన పిదపనే ఆ తల్లి ముఖము వికసించెను. ఆమె తన చూడామణిని ఇచ్చినది చిట్టచివర; పరీక్ష ముగిసి, నమ్మకము నిలిచిన తరువాత.

ఈ ఘట్టమున గృహస్థునకు మూడు పాఠములు కలవు. మొదటిది, శంకించుట పాపము కాదు. సాక్షాత్తు లక్ష్మీస్వరూపిణియే శంకించినది. రెండవది, సత్యవంతుడు పరీక్షకు కోపింపడు. పరీక్ష మాట రాగానే అలుగువాడు, కన్నీరు పెట్టువాడు, బెదరించువాడు మారువేషగాడు. మూడవది, గుర్తు ముందు రావలెను, చూడామణి తరువాత పోవలెను. ముఖాముఖి కలియక, ఇంటి పెద్దల యెదుట నిలువక, కొలువు, ఊరు, బంధువులు తెలియక ఒక్క రూపాయి కూడ కదలరాదు. నేటి సాంకేతిక విద్యతో తెరపై కనబడు ముఖమును, వినబడు గొంతును సైతము కల్పింపవచ్చును గనుక వీడియోలో చూచితిననుట చాలిన గుర్తు కాదు.

కేసముద్రం మార్కెట్టున ధాన్యరాశిని కొనువాడు పైపై గింజలు చూచి ధర చెప్పడు. రాశి అడుగుకు చేయి పోనిచ్చి తీయును, తేమ చూచును, కాంటా వేయించును. అందులకు రైతు నొచ్చుకొనడు. అది బేరపు మర్యాద. క్వింటాలు గింజలకు ఇంత పరీక్ష చేయువారు జీవితమును, జీవితకాలపు సంపాదనను అప్పగించునపుడు ఏ పరీక్షయు చేయకుండుట తగునా?

ఇంత చెప్పినను మోసపోవువారు ఉందురు. వారికిని రామాయణము మార్గము చూపినది. రావణుడు ఆకాశమార్గమున కొనిపోవుచుండగా సీతమ్మ ఏడ్చి ఊరకుండలేదు. పర్వతశిఖరమున ఐదుగురు వానరులు కనబడగా, ఆభరణములను ఉత్తరీయమున మూటకట్టి వారి నడుమ జారవిడిచెను. ఆ మూటయే తరువాత రాముని చేతికి వచ్చి అన్వేషణకు ఆధారమైనది. మోసపోయితినని తెలిసిన క్షణమున సిగ్గుతో సందేశములన్నియు చెరిపివేయువారు ఆ మూటను తామే నీట వదలుచున్నారు. సంభాషణలు, ఫోను నంబర్లు, ఖాతాల వివరములు, చెల్లింపు రసీదులు అన్నియు భద్రపరుపవలెను. వెంటనే 1930 అను జాతీయ సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను, జాతీయ సైబరు నేర ఫిర్యాదుల పోర్టలులో వ్రాయింపవలెను, బ్యాంకుకు తెలుపవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు. మోసగాడు ధనమును చేయి మార్చకమునుపే ఆ ఖాతాను స్తంభింపజేయు అవకాశముండును. తెలంగాణమున ఇట్టి నేరముల కొరకు ప్రత్యేకముగా సైబరు సెక్యూరిటీ బ్యూరో పనిచేయుచున్నది. పోయిన ధనము తెప్పించెదము, ముందుగా రుసుము చెల్లింపుడని తరువాత వచ్చు గొంతు మరియొక మారీచుడని ఎరుగవలెను.

సిగ్గు ఎవరిది? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 66డి సెక్షను, కంప్యూటరు సాధనముతో మారువేషమున వంచించువానికి మూడేండ్ల వరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాను చెప్పినది. నేరము వంచకునిదని చట్టము చెప్పగా, ఊరు మాత్రము వంచితునిపై నవ్వుచున్నది. ప్రేమ నటించి పెట్టుబడి పెట్టించు మోసమునకు పందిని మేపి కోయుట యను అర్థమిచ్చు పేరు లోకమున వ్యాపించి యుండగా, అది బాధితులను కించపరచి వారి నోరు మూయించుచున్నదని, ఆ పేరు విడువుడని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ సంస్థ కోరినది. జటాయువును తలపుడు. అరువదివేల యేండ్ల వృద్ధుడు, ఎదుట రావణుడు. సీతమ్మ ఆక్రందన వినబడినపుడు ఎందుకు నమ్మితివమ్మా యని ఆ పక్షిరాజు అడుగలేదు. రెక్కలు తెగువరకు పోరాడెను. ప్రాణము పోవు ముందు రామునకు వార్త చెప్పెను. ఇరుగుపొరుగువారికి అదియే ధర్మము.

ఈ మాయకు మరియొక ముఖము కలదు. మారీచుడు తన యిష్టముతో లేడి కాలేదు. రాముని జోలికి పోవలదని రావణునకు హితము చెప్పి, చంపెదనని వాడు బెదరింపగా కదలెను. నేడును తీయని మాటలు పంపు వేళ్ల వెనుక బందీలు ఉండవచ్చును. ఇట్టి మోసములు చేయుటకై నిర్బంధింపబడినవారు మయన్మారులో కనీసము 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది యుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 ఆగస్టులో అంచనా వేసినది. ఉద్యోగముల ఆశ చూపి తెలుగు యువకులను కంబోడియాకు పంపి, అచట ఈ పనికి నిర్బంధించిన ఉదంతమును 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టి దళారులను నిర్బంధించిరి. ఒక తెలుగింటి తల్లి కన్నీటి సొమ్ము మరియొక తెలుగింటి బిడ్డ సంకెళ్ల మీదుగా దుర్మార్గునకు చేరుచున్నదన్న మాట. కావున విదేశమున డేటా ఎంట్రీ కొలువు, పెద్ద జీతము, పర్యాటక వీసా అని చెప్పు దళారిని గూడ అశోకవనపు పరీక్షకే నిలబెట్టవలెను.

కడపటి మాట మందును గూర్చి. భగవంతుడు అంతర్యామియై ప్రతి హృదయమున నున్నాడు గనుక జీవుడు ఏకాకి కాడని పూర్వాచార్యులు బోధించిరి. అది సత్యము. కాని ఆ సత్యమును ఒంటరివానికి చెప్పి మన దారిన మనము పోవుట వైష్ణవము కాదు. ధనుర్మాసమున తిరుప్పావై పఠించువారికి తెలియును: ముప్పది పాశురములలో 6 మొదలు 15 వరకు గోదాదేవి చేసిన పని తలుపు తట్టుటయే. తాను ఒక్కతెయే స్వామి సన్నిధికి పోలేదు. నిదురించు గోపికలను ఇల్లిల్లు తిరిగి పేరుపేరున లేపి వెంటబెట్టుకొని పోయినది. భాగవత కైంకర్యమనగా ఇదియే. ఏకాదశి భజనకు రాని వృద్ధురాలి యింటికి ప్రసాదముతో ఒకరు పోవలెను. భార్య పోయిన మేస్టరుగారి అరుగుపై సాయంకాలము ఇద్దరు కూర్చుండవలెను. దూరముననున్న బిడ్డలు దినమునకొకమారు, పని లేకున్నను, తల్లి గొంతు వినవలెను. తిన్నారా యని అడుగువారు ఇంటనే యున్నచో, ఆ ప్రశ్నను అమ్మవచ్చిన అంగడివానికి గిరాకి యుండదు.

మాయలేడిని గుర్తించు లక్ష్మణుని చూపును, శంకించి పరీక్షించు సీతమ్మ వివేకమును, వంచితులను నిందింపక నిలుచు జటాయువు హృదయమును భద్రాద్రివాసుడు ప్రతి గృహమునకును అనుగ్రహించుగాక.