సీటు నీది, టికెట్టు కంపెనీది

పాపా,

పోయిన ఆదివారం మీ నాయన ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసి అరగంటసేపు వదల్లేదు. నువ్వు విమానంలో కాళ్లు బారజాపుకుని పడుకున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టావట కదా. అది మన చుట్టాల గ్రూపంతా తిరిగి చివరికి ఆయన దగ్గరికి చేరింది. "అన్నా, కంపెనీవాళ్లు టికెట్టు కొనిచ్చినాక మళ్లా సొంత దుడ్లు పెట్టి ముందు సీటుకు పోయిందంట. ముందు సీటోళ్లను ఏమన్నా ముందుగా దింపుతారా? నీ మాటైతే వింటది, నువ్వన్నా చెప్పు" అన్నాడు.

ఆయన చెప్పమన్నది మాత్రం చెప్పను. సొంత డబ్బు ఖర్చు పెట్టొద్దని చెప్పడానికి నేనెవర్ని? రాత్రంతా తొమ్మిది పది గంటలు కూర్చుని జర్మనీలో దిగి, మొహం కడుక్కుని నేరుగా మీటింగుకు పోయేది నువ్వు. మీ నాయనా నేనూ సుఖానికి డబ్బు పెట్టడమంటే దుబారా అనుకునే ఇంట్లో పెరిగాం. మీ జేజి అహోబిలం తిరునాళ్లకు పోయినా నిమ్మకాయ సోడా తాగడానికి నాలుగుసార్లు ఆలోచించేది. ఆ బరువు నీ నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు. నీ జీతం, నీ నడుము. మార్చుకో. కానీ మార్చుకునే పద్ధతి ఒకటుంది, దాని గురించే ఈ ఉత్తరం.

నేను నంద్యాల ఖజానా ఆఫీసులో పనిచేసిన కాలమంతా నా బల్ల మీద ప్రయాణ భత్యం (టి.ఏ.) బిల్లులు గుట్టలుగా ఉండేవి. బయల్దేరిన వేళ, చేరిన వేళ, ఎన్ని కిలోమీటర్లు, ఏ బస్సు, ఏ తరగతి, టికెట్టు నెంబరు, అన్నీ గళ్లల్లో ఉండేవి. ఎక్స్‌ప్రెస్ బస్సుకు అర్హత ఉన్న ఉద్యోగి లగ్జరీలో పోయి వస్తే మేం తప్పు పట్టేవాళ్లం కాదు. బిల్లు పక్కన ఎర్ర సిరాతో "అర్హత మేరకు పరిమితం" అని రాసి, ఎక్స్‌ప్రెస్ చార్జీ పాస్ చేసేవాళ్లం. మిగిలింది ఆయన సొంతం. అంతటితో సరి.

మాకు చిక్కంతా రెండు రకాల మనుషులతో వచ్చేది. మొదటి రకం లగ్జరీలో పోయి, ఆ తేడాను ఎక్కడో భోజనం ఖర్చులోనో ఆటో ఖర్చులోనో దూర్చేవాళ్లు. వాళ్లను పట్టుకోవడం సులువు, ఆ రోజుల్లో నంద్యాలలో ఏ ఆటో అంత తీసుకోదని మాకు తెలియదా? రెండో రకం ఇంకా విసిగించేవాళ్లు. పైసా అదనంగా అడగరు. కానీ "ప్రభుత్వ పని మీద నా చేతి డబ్బు పెట్టుకుని తిరుగుతున్నా" అని కనిపించినవాడికల్లా చెబుతారు. అడగని త్యాగం చేసి దానికి వడ్డీ వసూలు చేస్తారన్నమాట. నువ్వు మొదటి రకం కావని నాకు తెలుసు. రెండో రకం కాకుండా చూసుకో, అందులోకి జారడం చాలా తేలిక.

విమానాల విషయంలో సర్కారు లెక్క మీ కంపెనీల కంటే బిగువే. 2017లో వచ్చిన ఏడో వేతన సంఘం ఉత్తర్వుల ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 14వ లెవెల్, అంటే జాయింట్ సెక్రటరీ స్థాయి, వస్తే తప్ప బిజినెస్ క్లాస్ లేదు. 13వ లెవెల్ డైరెక్టరు దేశం తరఫున విదేశాలకు పోయినా ఎకానమీలోనే పోవాలి. కాబట్టి మీ కంపెనీ నీకు ఎకానమీ ఇచ్చిందంటే నిన్ను తక్కువ చేసినట్టు కాదు.

ఇక నీ టికెట్టు సంగతి. మీ నాయన చేసే శిల్పాల పనిలోనే ఉంది నీకు కావాల్సిన పాఠం, ఆయనకే తట్టలేదు. ఏదో ఊరి గుడి కమిటీ వచ్చి నల్లరాయి విగ్రహానికి ఆర్డరిచ్చి, కొలతలు రాయించి, అడ్వాన్సు కట్టి పోతుంది. పని సగంలో ఉండగా ఒక దాత వచ్చి, మకర తోరణం ఇంకాస్త పెద్దది చెయ్యండి, ఆ తేడా నేనిస్తానంటాడు. అప్పుడు మీ నాయన ఏం చేస్తాడో చిన్నప్పటి నుంచీ చూశావు కదా. ముందు కమిటీ పెద్దకు ఫోన్ చేస్తాడు. ఆయన సరే అనేదాకా ఉలి ముట్టడు. తర్వాత రెండు చీటీలు రాస్తాడు, కమిటీది ఒకటి, దాతది ఒకటి. తోరణం పెద్దదైతే పీఠం మారుతుంది, లారీలో కట్టే తీరు మారుతుంది, గర్భగుడి ద్వారంలో పడుతుందో లేదో చూడాలి. విగ్రహం కమిటీదని ఆయన మర్చిపోడు.

నీ టికెట్టూ అలాంటిదే. కూర్చునేది నువ్వే గానీ కొన్నది కంపెనీ, దాని జీఎస్టీ నెంబరు మీద, దాని ట్రావెల్ డెస్క్ ద్వారా. నువ్వు విమాన సంస్థ యాప్‌లోకి పోయి నీ కార్డుతో తరగతి మార్చితే ఒక్కోసారి టికెట్టే కొత్తగా జారీ అవుతుంది. రేపు మీటింగు రెండు రోజులు వెనక్కి పోయిందనుకో. డెస్క్ అమ్మాయి తేదీ మార్చబోతే లెక్క కలవదు. ఇంక ఆ మార్పు చార్జీ ఎవరిది? ప్రయాణమే రద్దయితే టికెట్టు డబ్బు కంపెనీకి పోతుంది. నువ్వు కట్టిన ముక్క తిరిగొస్తుందో లేదో ఆ విమాన సంస్థ షరతుల్లో ఉంటుంది, చాలా వాటిల్లో రాదు. వేలం పద్ధతిలో "ఇంత ఇస్తా, సీటు ఖాళీ ఉంటే ఇవ్వండి" అని పెట్టే బేరాల్లో అయితే వాళ్లు ఒప్పుకున్నాక డబ్బు దాదాపు మర్చిపోవాల్సిందే.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నీ ప్రయాణ ఖర్చును మీ కంపెనీ ఆ జర్మనీ ఖాతాదారుకు బిల్లు వేస్తుందని నువ్వే ఒకసారి చెప్పావు. ఖర్చుల క్లెయిముతో పాటు బోర్డింగ్ పాస్ జత చేస్తావు. దాని మీద తరగతి అచ్చయి ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత అవతలి ఆడిటరు ఆ కాగితం పట్టుకుని, "మేం ఎకానమీకి ఒప్పుకున్నాం, ఇదేంటి" అని అడుగుతాడు. నీ డబ్బే పెట్టావని నీకు తెలుసు, మీ మేనేజరుకు తెలియదు. ఆయన ఆ రోజు సెలవులో ఉంటే, లేదా వేరే కంపెనీకి మారిపోయి ఉంటే, నిజాయితీగా డబ్బు కట్టిన నువ్వే సంజాయిషీ రాసుకోవాలి. నా బల్ల మీదికి ఇలాంటివి వచ్చేవి. మనిషి మంచివాడని తెలిసినా కాగితం లేనిదే నేనూ సంతకం పెట్టేవాణ్ణి కాదు.

అందుకే నువ్వు కట్టిన తేడాకు రసీదు దాచుకో. దానికి ఇంకో కారణం కూడా ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఒకటి అమల్లో ఉంది. పై తరగతి టికెట్టు ఉన్న ప్రయాణికుణ్ణి తన ఇష్టం లేకుండా కింది తరగతిలో కూర్చోబెడితే, దేశంలోపలైతే టికెట్టు ఖరీదులో 75 శాతం, విదేశీ ప్రయాణమైతే దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం తిరిగివ్వాలి. ఆ డబ్బులో నీ వాటా ఎంత, కంపెనీ వాటా ఎంత అనే ప్రశ్న వస్తే నీ చేతిలో ఆ చిన్న రసీదు తప్ప ఇంకేం సాక్ష్యం ఉంటుంది?

ఇప్పుడు డబ్బు లెక్క. సీటు మార్చడానికి 40 వేలు అనుకుందాం. అది నీకు 40 వేలతో పోదు. 30 శాతం శ్లాబులో ఉన్నావనుకుంటే సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పోయాక చేతికొచ్చిన డబ్బది. అంటే దాదాపు 58 వేలు సంపాదిస్తే ఆ 40 వేలు మిగిలాయి. జీతగాళ్లకు ఇలాంటి ఖర్చు మీద ఆదాయపు పన్నులో మినహాయింపేమీ లేదు. పైగా ఎకానమీ మీద జీఎస్టీ 5 శాతమైతే, పై తరగతుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. కంపెనీ తను కట్టిన జీఎస్టీని లెక్కల్లో రాబట్టుకోగలదు, నువ్వు సొంతంగా కట్టిన దాని మీది పన్ను నీ నెత్తినే. ఇంత తెలిసీ కట్టాలనిపిస్తే సంతోషంగా కట్టు. బుకింగ్ పేజీలో మెరిసే బటన్ చూసి మాత్రం కట్టొద్దు.

ఎప్పుడు కట్టొచ్చో కూడా నా అభిప్రాయం చెబుతా. గంట, గంటన్నర ప్రయాణాలకు ఎప్పుడూ వద్దు. మన ఓర్వకల్లు విమానాశ్రయం, అదే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టింది, 2021 మార్చి 28న మొదలైనప్పుడు బెంగళూరు, విశాఖ, చెన్నైలకు తిరిగినవి చిన్న ఏటీఆర్ విమానాలు. వాటిల్లో ముందు తరగతీ లేదు, వెనక తరగతీ లేదు. కలెక్టరైనా కూలీ అయినా ఒకటే సీటు, ఎవరికీ నడుం విరగలేదు. రాత్రి ప్రయాణం, తొమ్మిది గంటలు, పొద్దున్నే పని ఉంది అన్నప్పుడు ఆలోచించు. అప్పుడు కూడా ముందు కాళ్లు చాపుకునే ఎగ్జిట్ వరస సీటో, ప్రీమియం ఎకానమీయో చూడు. నీకు కావాల్సిన సుఖంలో సగానికి పైగా చాలా తక్కువ ధరకే వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎలాగూ ఇంటికొచ్చి పడుకుంటావు, దానికి ఎందుకు?

కాళ్ల వాపు గురించి మీ అమ్మ భయపడుతోంది. ఆమెకు ఇది చదివి వినిపించు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనం ఫలితాలు బయటపెట్టింది. నాలుగు గంటలు, అంతకు మించి సాగే ప్రయాణాల తర్వాత సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని, అయినా అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేంత తక్కువేనని తేల్చింది. అసలు కారణం కదలకుండా కూర్చోవడం. విమానమే కానక్కర్లేదు, నంద్యాల నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సులో ముడుచుకుని కూర్చున్నా అంతే. కాబట్టి నడవ పక్క సీటు తీసుకో, గంటకోసారి లేచి తిరుగు, పిక్కలు కదిలించు, నీళ్లు తాగు. వీటికి అదనంగా కట్టాల్సిన పనిలేదు.

నీకు నిజంగానే నడుం నొప్పి ఉంటే, కూర్చుంటే మర్నాడు పనిచేయలేని పరిస్థితైతే, నువ్వు డబ్బు కట్టకు. కంపెనీని అడుగు. డాక్టరు చీటీ పెట్టి అడుగు. ఒంటి కోసం కావాల్సింది కంపెనీ పని కోసం కావాల్సిందే, దాన్ని నీ జేబులోంచి పూడ్చుకుంటూ పోతే అలాంటి అవసరం ఉందన్న సంగతే వాళ్లకు తెలియదు, నీ వెనక వచ్చే పిల్లలకూ దొరకదు. సీటు ఇవ్వలేమంటే, దిగిన రోజు మీటింగు పెట్టొద్దని అడుగు. ఒక పూట విశ్రాంతి కంపెనీకి బిజినెస్ టికెట్టు కంటే ఎంతో చవక, నీకైతే ఉచితం. అడగడానికి మొహమాటపడి 40 వేలు కట్టేవాళ్లుంటారు, నువ్వు అందులో చేరకు.

ఇంకొక్క సంగతి, మీ పెద్ద మేనేజరు గురించి. ఆయన కూడా అదే విమానంలో వెనక కూర్చున్నాడని విన్నా. తప్పేమీ కాదు, కానీ నీ కంపెనీ తీరేంటో కనిపెట్టుకో. హైదరాబాదులో 2018లో మన దేశంలోని తన తొలి దుకాణం తెరిచిన ఐకియా ఉంది చూడు, దాని వ్యవస్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ కోట్లకు పడగలెత్తినా ఎకానమీలోనే తిరిగేవాడు. అలాంటి పద్ధతి పాతుకున్న చోట ఇరవై ఆరేళ్ల పిల్ల ముందు సీట్లో కనిపిస్తే, సొంత డబ్బని తెలిసినా కొందరికి రుచించదు. అందుకని మానుకోమనడం లేదు. పెద్దాయన్ని ఎక్కేముందే పలకరించి, "సార్, సీటు నా డబ్బుతో మార్చుకున్నా" అని ఒక ముక్క చెప్పు. నవ్వేసి ఊరుకుంటాడు. చెప్పకుండా తెర వెనక్కి పోతేనే మాటలు పుడతాయి. ఇక ఫోటోలు మాత్రం పెట్టొద్దు తల్లీ. పెట్టినా మీ నాయన ఉన్న గ్రూపులో వద్దు, నాకు ఆదివారాలు ప్రశాంతంగా కావాలి.

మీ నాయనకు నేను నచ్చజెబుతా. రెండు చీటీల సంగతి గుర్తు చేస్తే ఆయనే దిగొస్తాడు.

వచ్చే నెల మళ్లీ ప్రయాణం ఉందన్నావు. ఈ వారంలోనే మేనేజరుకూ ట్రావెల్ డెస్క్‌కూ కలిపి ఒక మెయిల్ పెట్టు. సీటు తేడా నేను సొంతంగా కట్టుకుంటాను, క్లెయిము చేయను, తేదీ మారితే నా వంతు నష్టం నాదే అని మూడు ముక్కలు చాలు. వాళ్ల జవాబు వచ్చాకే కార్డు బయటికి తియ్యి.

మీ పెద్దనాయన,
నంద్యాల