పిల్లికి బాకీ పడ్డ నీళ్లు

పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపి, వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరమని పెద్దలు చెప్తారు. పిల్లి పుణ్యమా అని తెలుగువాళ్లు తరతరాలుగా తాగిన నీళ్లకు లెక్కలేదు. ఎదురొచ్చిన పిల్లి మాత్రం తన దారిన తాను పోతుంది. దానికి దాహంగా ఉందేమో కనుక్కునే ఆచారం ఎవరూ పెట్టలేదు.

అసలు పిల్లి నీళ్లు తాగుతుండగా చూసినవాళ్లే తక్కువ. సామెతలో పిల్లి పాలు తాగుతుంది, అదీ కళ్లు మూసుకుని. తెనాలి రామకృష్ణుడి పిల్లి సలసల కాగే పాలల్లో మూతి పెట్టి, ఆనాటి నుంచి పాలగిన్నె కనిపిస్తే చాలు పరుగు లంకించుకుంది. రాయలవారి కొలువులో ఈ కాలపు పశువైద్యుడు ఉండి ఉంటే రామకృష్ణుడి పక్షమే మాట్లాడేవాడు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. ప్రేమగా పోసిన పాలు దాహం పెంచి పోతాయన్నమాట.

ఇంటిపిల్లి పూర్వీకురాలు ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లి. అక్కడ చెరువులు అరుదు, ఎలుకలకు కొదవ లేదు. ఎలుక ఒంట్లో 70 శాతం దాకా నీరే కాబట్టి వేట దొరికిన రోజు తిండీ నీళ్లూ ఒకేసారి దొరికినట్టు. పిల్లి మూత్రపిండాలు కూడా పిసినారి పద్దులు రాస్తాయి. చుక్క నీరు వృథా పోనివ్వకుండా మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. ఈ పొదుపుతోనే చిక్కు. ఒంట్లో నీరు తగ్గుతున్నా పిల్లికి తొందరగా దాహం తెలియదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. వేటాడే పిల్లికి అందులో ఎక్కువ భాగం మాంసంలోనే వస్తుంది. సంచుల్లో అమ్మే ఎండు మేతలో ఉండే నీరు పదో వంతు. అది తిని, నీళ్ల గిన్నె జోలికి పోకుండా తిరిగే పిల్లికి మూత్రంలో రాళ్లూ మంటా వచ్చే ముప్పు ఎక్కువ. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు మామూలు. ఆ వయసులో ఒంట్లో నీరు తగ్గితే జబ్బు ఇంకా ముదురుతుంది.

తాగడం మొదలెట్టినా దాని తీరే వేరు. 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వెనక ఎంఐటీ ఇంజనీరు రోమన్ స్టాకర్ పెంచుకున్న కుట్టా కుట్టా అనే పిల్లి ఉంది. అది నీళ్లు తాగుతుంటే ఆయనా సహచరులూ హైస్పీడ్ కెమెరాతో పట్టారు. కుక్క నాలుకను గరిటెలా వెనక్కి మడిచి నీళ్లలో ముంచుతుంది. పిల్లి నాలుక కొసను నీటి మీద అలా ఆనించి చటుక్కున పైకి లాగుతుంది. నాలుకను అంటిపెట్టుకుని సన్నని నీటి తీగ లేస్తుంది. అది కింద పడేలోపే నోరు మూస్తుంది. సెకనుకు దాదాపు నాలుగుసార్లు ఇలా జరుగుతుంది, ఒక్కోసారికి నోట్లో పడేది మిల్లీలీటరులో పదో వంతు. రోజు మొత్తం నీరూ గిన్నెలోంచే తాగాలంటే రెండు వేలసార్లు నాలుక ఆడించాలి. అంత పని పెట్టుకోవడానికి ఇష్టపడని జంతువు అది.

దాహం సరిగా తెలియనిదీ, తెలిసినా అడగనిదీ అయిన ప్రాణికి నీళ్లివ్వడం ఎవరి పని?

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీని చుట్టాలు పెద్దవాళ్లు. శ్రీవైష్ణవంలో భగవంతుడి దయ మీద సాగిన వాదంలో రెండు జంతువులు ఉపమానాలయ్యాయి. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా కరుచుకుంటుంది, అందుకే కొమ్మల మధ్య పడిపోదు. వేదాంత దేశికుల సంప్రదాయమైన వడగలై దీన్ని మర్కట కిశోర న్యాయం అంటుంది. దయ దొరకాలంటే జీవుడి ప్రయత్నం కూడా కొంత ఉండాలి. పిల్లికూన ఏమీ పట్టుకోదు. తల్లే మెడ దగ్గర పళ్లతో అందుకుని క్షేమమైన చోటికి చేరుస్తుంది. పిళ్లై లోకాచార్యుల వైపు నిలిచే తెంగలైకి ఇష్టమైనది ఈ మార్జాల కిశోర న్యాయం. ఈ వాదమంతా పుచ్చుకునేవాడి గురించి. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే అదే ఉపమానం ఇంకో మాట చెప్తుంది. తల్లిపిల్లి కూన అరిచేదాకా ఆగదు.

మన జలదానం ఎక్కువగా మర్కట న్యాయంతోనే నడుస్తుంది. చలివేంద్రం దగ్గరికి దాహంగా ఉన్నవాడు నడిచి రావాలి, చెయ్యి చాపాలి. ఎండాకాలం డాబాల మీద పక్షులకు మూకుళ్లలో నీళ్లు పెట్టమని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లి ఆ జాబితాలోకి రాదు. వస్తే పక్షులే దానికి విందవుతాయి. అటవీశాఖది వేరే పద్ధతి. అమ్రాబాద్, కవ్వాల్ అడవుల్లో ఎండాకాలం సాసర్ పిట్లు అనే లోతు తక్కువ గుంటల్లో ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. పులి వచ్చి అర్జీ పెట్టుకోవాలని ఎవరూ అనరు.

ఇక్కడో అభ్యంతరం ఉంది. వేల ఏళ్లుగా పిల్లి తన నీళ్లు తానే చూసుకుంది. ఊరన్నాక చెరువు, వాగు, బావి ఒడ్డున గోలెం, వానకు నిండిన గుంట ఉంటాయి. వీటిలో ఎక్కడో మూతి తడుపుకుంటుంది. గిన్నె పెడితే పుణ్యం, పెట్టకపోతే పాపమేమీ లేదు. చాలా ఊళ్ల విషయంలో ఈ మాట సరైనదే. హైదరాబాదు దగ్గరి కాజీపల్లిలో మాత్రం చెల్లదు.

1961లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ పుట్టాక హైదరాబాదు చుట్టూ మందుల తయారీ వేళ్లూనుకుంది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. తర్వాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం దాకా బల్క్ డ్రగ్ కంపెనీలు పాకాయి. వాటి వ్యర్థజలాలు ఇసకవాగులోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర వైపు దారి పట్టాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టు గడప తొక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్ రావు ఈ నీళ్ల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటినే పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. ఆ మాత్రలు మింగే రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. 2009లో అదే బృందం చుట్టుపక్కల ఆరు గ్రామాల బావుల నుంచి నమూనాలు తీస్తే ప్రతి బావిలోనూ మందుల అవశేషాలు కనిపించాయి. ఆ ఏడే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషితమని గుర్తించిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు-బొల్లారం చేరింది. 2014లో కాజీపల్లి చెరువు వంతు వచ్చింది. అందులోని సూక్ష్మజీవుల జన్యువులను చదివితే, యాంటీబయాటిక్‌లకు లొంగకుండా చేసే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చినప్పుడు సుమారు 7000 రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

మనుషులకు ఏదో ఒక దారి దొరికింది. బయటి నుంచి ట్యాంకర్లు వచ్చాయి, ఆర్‌ఓ ప్లాంట్లు లేచాయి, ఇరవై లీటర్ల వాటర్ టిన్ను గుమ్మం ముందు దిగింది, తర్వాత ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా వచ్చింది. బర్రెను కట్టేసి గోలెంలో నీళ్లు పోసే మనిషి ఉంటాడు. పిల్లికి యజమాని ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. క్యాంటీన్ వెనక మెతుకులు తింటుంది, కంపెనీ గోడ మీద పడుకుంటుంది, ఎవరి ఖాతాలోనూ రాయని ప్రాణి. మూగజీవికి తగినంత తిండీ నీళ్లూ పెట్టకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, అయితే అది యజమానికి వర్తించే నిబంధన. యజమాని లేనిచోట నేరమూ లేదు.

ఈ ఖాళీని నింపే మాట ఒకటి ఇస్లాం సంప్రదాయంలో ఉంది. పిల్లి మీద ఆ సంప్రదాయానికి మొదటి నుంచీ మమకారమే. ప్రవక్త సహచరుల్లో ఒకరికి అబూ హురైరా, అంటే పిల్లికూన తండ్రి, అన్నదే పేరుగా నిలిచిపోయింది. అబూ ఖతాదా అనే మరో సహచరుడు వుజూ కోసం, అంటే నమాజుకు ముందు శుభ్రపరచుకోవడానికి, పెట్టుకున్న నీళ్ల పాత్రను పిల్లి తాగడానికి వీలుగా వంచాడు. పిల్లి ఎంగిలి అపవిత్రం కాదనీ, అది మీ మధ్య తిరుగాడే ప్రాణి అనీ ప్రవక్త చెప్పినట్టు చెప్పాడు. ఇంకో హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింట్లోనూ ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించి చనిపోనిచ్చి నరకానికి పోయింది. ఆమె మీద అభియోగం రెండు భాగాలు. తిండీ నీళ్లూ పెట్టలేదన్నది మొదటిది. పురుగూ పుట్రా వెతుక్కుని తినడానికైనా దాన్ని వదల్లేదన్నది రెండోది.

కాజీపల్లికి కావలసింది ఆ రెండో భాగం. పిల్లిని వదిలేసి ఉంటే ఆమెకు గిన్నె పెట్టే బాధ్యత ఉండేది కాదు. తలుపు మూసినప్పుడు బాధ్యత పుట్టింది. చెరువు తాగడానికి పనికిరాకుండా పోవడం కూడా తలుపు మూయడమే. గొళ్లెం కనిపించదు, పిల్లి ఎటైనా తిరగొచ్చు, కానీ ఆ తిరుగుడులో నమ్మి మూతి పెట్టగల గుంట లేదు. అలాంటి చోట మూకుడులో పోసిన నీళ్లను దానం అనడం కుదరదు. తీసుకున్నదాన్ని కొద్దికొద్దిగా తిరిగి కట్టడం అది. బాకీ తీర్చినందుకు పుణ్యం అడగరు.

మనుషులే నీళ్లు కొనుక్కుంటున్న చోట పిల్లి గోల ఏమిటని ఎవరైనా విసుక్కోవచ్చు. జపాన్‌లోని మినమాటా వాళ్లు కూడా మొదట పిల్లుల గోల పట్టించుకోలేదు. 1950లలో ఆ రేవులో పిల్లులు తూలుతూ, మెలికలు తిరుగుతూ, చిందులేసినట్టు పడి చచ్చిపోయాయి. చిస్సో అనే కంపెనీ ఫ్యాక్టరీ నుంచి సముద్రంలో కలిసిన పాదరసం చేపల ద్వారా ముందు వాటికి చేరింది. మనుషుల్లో జబ్బును అధికారికంగా గుర్తించింది 1956 మే 1న. చిస్సో కంపెనీ ఆసుపత్రి డాక్టరు హొసొకావా 1959లో ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పెట్టి చూసిన పిల్లికి వేసిన నంబరు 400. దానికి అవే లక్షణాలు వచ్చాయి. ఫలితాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు.

పిల్లి ఒంటికి ఇంకో బలహీనత ఉంది. కొన్ని మందులను విరిచి బయటికి పంపే ఎంజైమ్ దాని కాలేయంలో సరిగా పనిచేయదు. మనిషికి జ్వరం తగ్గించే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం పోవడానికి. మందుల వాడలో మనుషులకు ఫర్వాలేదన్న కొలత పిల్లి గిన్నెకు పనికిరాదు. వాడకానికి వదిలే బోరు నీళ్లు కాకుండా ఇంట్లోవాళ్లు తాగే నీళ్లే దానికీ పోయాలి. ఖర్చు రోజుకు గ్లాసెడు.

పోసే తీరు కూడా దాని స్వభావాన్ని బట్టి ఉండాలి. వెడల్పాటి, లోతు తక్కువ గిన్నె లేదా మట్టి మూకుడు మేలు. చాలా పిల్లులు తిండి పక్కనే ఉన్న నీళ్లను వదిలేసి దూరంగా ఉన్నవి తాగుతాయి, కాబట్టి రెండు మూడు చోట్ల పెట్టాలి. పూటపూటకూ మార్చాలి. అన్నంలో చేపనో కోడినో ఉడికించిన నీళ్లు కలిపితే తిండితో పాటే నీరు వెళ్తుంది, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా చూడాలి. మెడ మీద చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు జిగటగా తగిలినా ఒంట్లో నీరు తగ్గిందని లెక్క.

గిన్నె పెట్టేసి, చెరువు సంగతి మరిచిపోయే వీలూ ఇందులోనే ఉంది. పైకి పుణ్యం నటించే అలాంటి దొంగభక్తికి మన భాషలో పిల్లి పేరే పెట్టారు, మార్జాల వ్రతం. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు గంగావతరణ శిల్పంలో ఆ పిల్లి కనిపిస్తుంది. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు పైకెత్తి, పైన తపస్సు చేస్తున్న మునిని అనుకరిస్తుంది. చుట్టూ ఎలుకలు నమ్మకంగా చేరాయి. పక్కనే గంగ దిగుతోంది. గోడ ఇవతల మూకుడు నింపి, గోడ అవతల వాన రాత్రి చూసి వాగులోకి పైపు తిప్పే చెయ్యి ఒకటే అయితే, ఆ శిల్పంలో దానికీ చోటు దొరుకుతుంది.

శిల్పంలోని ముని భగీరథుడని కొందరు, అర్జునుడని కొందరు అంటారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక ఊళ్లలో ఆ పేరు పైపు మాటగా మారింది. నిలవ నీళ్లకంటే కదిలే నీళ్లంటే చాలా పిల్లులకు ఇష్టం. వాషరు అరిగి చుక్కచుక్కగా కారే నల్లా ఉంటే సాయంత్రం ఎండ వాలాక పిల్లి దాని కిందికి వస్తుంది. కాసేపు చుక్కను తేరిపారా చూస్తుంది, పంజాతో ఒకసారి కొడుతుంది. తర్వాత తల పక్కకు వంచి, నాలుక కొస చాపుతుంది.