చెప్పుకోని నొప్పి

మొన్న రామాయంపేటలో మా అక్క ఇంటికి వెళ్ళాను. రవిక తొడుక్కుంటూ అక్క చటుక్కున అటు తిరిగిపోయింది. నిలదీస్తే అప్పుడు బయటపెట్టింది. రొమ్ములో గడ్డ! నాలుగు నెలల్నించీ ఉందట!

"పిల్లగాని పరీక్షలుండె. అందర్ని ఆగం చేసుడెందుకని ఊకున్న చెల్లె" అంది, అదేదో ఘనకార్యం చేసినట్లు.

మర్నాడే హైదరాబాదు బస్సెక్కాం. దారిలో అక్కకో సంగతి చెప్పాను. అమెరికాలో ఎం.ఐ.టి.లో జానాన్ దాదెవిరెన్ అనే టర్కీ దేశపు పరిశోధకురాలు ఉంది. ఆమె దగ్గరి బంధువొకావిడ క్రమం తప్పక పరీక్షలు చేయించుకుంటూనే ఉంది. అయినా రొమ్ము క్యాన్సరు ముదిరాకగాని బయటపడలేదు. అప్పటికి ఆవిడకు 49 ఏళ్ళు. ఆ తర్వాత పోయింది. ఆవిడ మంచం పక్కన కూర్చునే జానాన్ ఓ బొమ్మ గీసుకుంది. బ్రాకు అమర్చుకునే అల్ట్రాసౌండ్ పరికరం అది!

తేనెపట్టులా కన్నాలున్న మెత్తని పట్టీ అయస్కాంతాలతో బ్రాకు అతుక్కుంటుంది. ఆ కన్నాల్లోంచి పరికరం చర్మానికి ఆనుతుంది. మన చెవికందని శబ్దం లోపలికి వెళ్ళి, తగిలి తిరిగొచ్చి బొమ్మ కడుతుంది. 2023లో 71 ఏళ్ళ స్త్రీకి పెట్టి చూస్తే, 0.3 సెంటీమీటర్ల నీటితిత్తి కూడా కనబడిందట.

అక్క అంతా విని, "అది నా ఒంటిమీదుంటె మాత్రం నేను చెప్తుంటినా?" అంది.

నిజమే కదూ! పరికరం గడ్డను చూపిస్తుంది. నోరు విప్పాల్సింది మనమే. బియ్యంలో రాయిని ఇట్టే పట్టేస్తాం, పిల్లాడి ఒళ్ళు కాస్త వెచ్చబడితే అర్ధరాత్రి లేస్తాం. మన నొప్పి దగ్గరికొచ్చేసరికి మాత్రం దాచుకుని, దానికి సహనమని పేరు పెడతాం. అది సహనమేనా? లేక ఇంట్లోవాళ్ళకు మనని చూసుకునే యోగ్యత లేదని మనమే తీర్పు చెప్పేయడమా?

అదృష్టం బాగుంది. స్కానింగులో నీటితిత్తేనని తేలింది. తిరిగి ఇల్లు చేరాం. సంగతి విన్న కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అక్క బతిమాలుతూ వెనకే వెళ్ళింది.

"పరీక్షైతే మల్ల రాస్తుంటి గదనే అమ్మా" అన్నాడు.

నాలుగు నెలలు నొప్పిని దాచుకున్న మనిషి, ఆ ఒక్క మాటకు తలొంచుకుంది.