ఇంజను చెప్పని మాట



2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపమున తీరము దాటిన సంగతి ఒడిశా సరిహద్దున ఉన్న మన కుటుంబములు మరచిపోలేవు. తీరమున కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకూలాయి. గజపతి జిల్లా కొండలలో కుండపోత వర్షమునకు కొండచరియలు విరిగిపడి ప్రాణములు పోయాయి. ఆ దినములలో మా సంఘస్థులు ఇంటింటా బియ్యము పోగుచేశారు. దానిని పర్లాకిమిడి మీదుగా ఒక సవర పల్లెకు చేర్చడానికి పెద్దలము నలుగురము బయలుదేరాము. ఆ ప్రయాణము మా ముందు ఉంచిన ప్రశ్నను మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

తారు రోడ్డు ఆగిన చోటి నుండి పల్లె కిలోమీటరున్నర దూరము. మధ్యలో ఎర్రమట్టి కొండ. వాన అప్పుడే తెరిపి ఇచ్చినది. మా బండి నాలుగు చక్రములకూ శక్తి అందే డీజిల్ పికప్. వెనుక 25 కిలోల బియ్యపు బస్తాలు 20, వాటిపైన టార్పాలిన్లు. బండి నడిపేవాడు ఒకప్పుడు మా దగ్గర చదువుకొన్న పిల్లవాడే. "మాస్టారూ, మీరు దిగనక్కరలేదు. లో గేరులో వేస్తే ఇంజనే మోసుకుపోతుంది" అన్నాడు. మేము సరే అన్నాము.

అతడు పని తెలిసినవాడు. ముందుగా టైర్లలో కొంత గాలి తీశాడు. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరచుకొంటుంది, బురదలో తక్కువగా దిగబడుతుంది. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు అక్కరలేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే నూనె అంటుకొంటుంది. తక్కువ వేగములోనే దానికి లాగే బలము ఎక్కువ. అందుచేత అతడు తొందరపడకుండా, మనిషి నడిచే వేగముతో, ఎక్కడా ఆపకుండా ఎక్కించాడు. వాలుకు అడ్డముగా పోతే బండి ఒరిగి దొర్లిపోవచ్చును గనుక కాలిబాట మలుపులను విడిచి నిట్టనిలువుగా పోనిచ్చాడు. రెండు చోట్ల చక్రములు ఊరకే తిరిగి మట్టి చిమ్మాయి గాని బండి ఆగలేదు. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే చక్రములు బిగుసుకొని జారుతాయని, మొదటి గేరులో ఇంజను పట్టు మీదనే దించాడు. చీకటి పడకముందే ఇల్లు చేరాము. మంచి పని చేశామని తృప్తిగా నిద్రపోయాము.

డిసెంబరులో పెథాయ్ తుపాను వచ్చి వెళ్ళిన తరువాత, 2019 జనవరిలో, దుప్పట్లు తీసుకొని మరల అక్కడికి వెళ్ళాము. కొండ అడుగున బండి దిగి చూచాము. మా చక్రములు పోయిన రెండు గాడులు మోకాలి లోతు కాలువలైనాయి. వాటి పక్కన గడ్డి ఉన్న నేల ఉన్నట్టే ఉన్నది. కాలువలు కాలిబాటను మూడు చోట్ల కోసి, అడుగున ఉన్న మడిలోనికి గులకరాళ్ళను తెచ్చి పోశాయి. ఒక స్త్రీ నెత్తిమీది బిందెను దించి గట్టున పెట్టి, కాలువలో దిగి, అవతల ఎక్కి, మరల బిందె ఎత్తుకొనుట మేము నిలువబడి చూచాము. సంతలో నాలుగు తెలుగు మాటలు నేర్చిన ఒక ముసలాయన మాకు మంచినీళ్ళు ఇచ్చి, "బాబూ, మీరొచ్చిన దారినే ఇప్పుడు నీళ్ళొస్తున్నాయి" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందుచేతనే మాకు ఎక్కువ బాధ కలిగినది.

కొండ మనుషులు బాటను ఏటవాలుగా, మలుపులతో వేసుకొంటారు. దాని మీద మనిషీ మెల్లగా ఎక్కుతాడు, నీరూ మెల్లగా దిగుతుంది. నిలువు గాడిలో నీటిని ఆపేది ఏదీ లేదు. బండిని ఒరగకుండా కాపాడిన నిలువు దారే కొండను కోసినది. డ్రైవరు తప్పు చేయలేదు. అతడు తన పనిని చక్కగా చేశాడు. మరి తప్పు ఎక్కడ జరిగినది?

మా చిన్నతనములో ఎడ్లబండి బురదలో దిగబడితే ఎద్దు మోకాళ్ళ మీద కూలేది, నోట నురగ కక్కేది. బండివాడు ఎంత మొండివాడైనా ఆగి బస్తాలు దించవలసినదే. తలమోత మోసేవానికి మెడ నొప్పి పుట్టి ఎంత చాలునో చెప్పేది. డీజిల్ ఇంజను అట్లు చెప్పదు. నూనె ఉన్నంతవరకు లాగుతూనే ఉంటుంది. దాని అలుపు మన ఒంటికి తెలియదు. నేలకు కలిగిన దెబ్బ మనము వెళ్ళిపోయిన తరువాత గాని కనబడదు. పాతకాలమున ఒంటి నుండి వచ్చిన హద్దు ఇప్పుడు ఎక్కడి నుండి రావాలి? ఇదే మా ప్రశ్న.

"ఆకలిగా ఉన్నవారికి బియ్యము ముఖ్యమా, బాట ముఖ్యమా?" అని మాలో ఒకరు అడిగారు. న్యాయమైన మాటే. ప్రసవము కష్టమై ఒక తల్లిని దించవలసి వస్తే ఈనాడైనా ఆ కొండ మీదికి బండి ఎక్కించమనే చెబుతాము. అయితే ఆ దినమున అట్టి అవసరము నిజముగా ఉన్నదా? పల్లెలో మోయగలవారు ఇరువది మందికి తక్కువ లేరు. రెండు విడతలలో బస్తాలు పైకి చేరేవి. మాకు రాత్రి కాకముందు ఇల్లు చేరాలని ఉన్నది. మా తొందరకు వారి ఆకలి పేరు పెట్టుకొన్నాము. మంచి పనికి పోతున్నామన్న ధైర్యమే మమ్మును మేము పరీక్షించుకోనియ్యలేదు.

ఇంకొక సంగతి. ఎక్కించే ముందు ఆ పల్లెవారిని ఒక్క మాట అడగలేదు. అడగడానికి వారి భాష మాకు రాదు. పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాషను పట్టుదలతో నేర్చుకొని, 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథము వెలువరించారు. మేమూ ఉపాధ్యాయులమే. ఆ కొండలను చూస్తూ ఇన్ని ఏండ్లు గడిపి కూడా "ఈ దారిన రావచ్చునా?" అని అడిగేపాటి సవర మాటలు నేర్వలేదు. దారి మీద రేపు కూడా నడిచేవారికే దాని హద్దు తెలుసును. ఇంజను చెప్పని మాటను వారు చెబుతారు, మనము అడిగితే.

బెంగుళూరులో స్థిరపడిన మన పిల్లలు కొందరు వానకాలమున సకలేశపుర, కొడగు కొండలకు బండ్లు తీసుకొనిపోయి బురదలో నడుపుట వినోదముగా పెట్టుకొన్నారు. వారిని మందలించే అర్హత మాకు ఎక్కువ లేదు. వారు సరదాకు చేసినది మేము సేవ పేరున చేశాము. తోట యజమానిని, దిగువ పొలము రైతును ముందుగా అడిగి, అనుమతించిన దారిలోనే పోయి, పాడైనదానిని సరిచేసి వచ్చేవాడు మాకంటె మేలు.

ఫిబ్రవరిలో పదిమందిమి గడ్డపారలు, పారలు పట్టుకొని వెళ్ళాము. బండిని రోడ్డు మీదనే ఉంచాము. ముసలాయన చూపినట్లు గాడులకు అడ్డముగా కొన్ని అడుగులకు ఒకటి చొప్పున రాళ్ళు పేర్చి, కొమ్మలు కుక్కి, నీటిని పక్కలకు మళ్ళించాము. అట్లు చేస్తే నీరు నెమ్మదించి, మట్టిని అక్కడక్కడ దించిపోతుంది. మూడు దినములు పట్టినది. ఎక్కిన సమయము ఇరువది నిమిషములు.

ఆ తరువాతి వానకాలమున గాడులు సగము పూడాయి. మడిలోని గులకరాళ్ళు మాత్రము ఇంకా పూర్తిగా పోలేదని, ఆ రైతు ప్రతి దుక్కికీ కొన్ని ఏరి గట్టున వేస్తున్నాడని తెలిసినది. ఆ గట్టును తలంచుకొనకుండా మేము ఇప్పుడు ఏ బండీ ఎక్కలేకున్నాము.