కల్యాణ విప్లవము - శివారు పొలము

అమలాపురమునకు దిగువన, సముద్రము నంటియున్న అల్లవరము ప్రాంతము గోదావరి కాలువల చివర నున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కోనసీమ సస్యశ్యామలమైనదని అందరును చెప్పుదురు. నిజమే. కాని ఎగువ పొలములు తడిసిన పిమ్మటగాని ఒడలరేవు, కొమరగిరిపట్నము దిక్కుల శివారు భూములకు ఆ నీరు చేరదు. వానలు మిక్కుటమైనప్పుడు మాత్రము ఎగువ ముంపంతయు అక్కడికే దిగును. నీరు కావలసినప్పుడు చివరివాడు, వద్దన్నప్పుడు మొదటివాడు. శివారు రైతు బ్రదుకు ఇట్టిది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలువలు పూడిపోయినవి, పెట్టుబడి తిరిగి రాదు అని వారి మొర. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీని వేసినది. ఆ మొర న్యాయమైనదే. అయినను ఒక ప్రశ్న మిగిలినది. భూమి గలవాడు ఒక పంట మానుకొనగలడు. కౌలుకు చేయువాడు, కూలికి పోవువాడు దేనిని మానుకొనగలరు?

కౌలుదారుని కొరకు చట్టములు రాకపోలేదు. ఆంధ్ర ప్రాంతమునకు 1956లో కౌలు చట్టము వచ్చినది. 1973లో భూపరిమితి చట్టము వచ్చి, 1975 జనవరి 1 నుండి అమలైనది. మాగాణికి 10 నుండి 27 ఎకరములు, మెట్టకు 35 నుండి 54 ఎకరములు హద్దు. హద్దు వచ్చుచున్నదని ముందే తెలిసినవారు బంధువుల పేర, పాలేళ్ళ పేర భూములు వ్రాసి యుంచిన కథలు తెలుగునాట ప్రతి పల్లెలోను వినవచ్చును. 2011లో సాగుదారునకు గుర్తింపు కార్డు నిచ్చు చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినవి. ఈ చివరిది కౌలుదారునకు 11 నెలల పత్రము నిచ్చుటకు భూయజమాని సంతకము కోరినది. ఎవని నుండి రక్షణ కావలెనో వాని సంతకముతోనే ఆ రక్షణ లభింపవలెను! నోటిమాట కౌలు నడచుచోట ఆ సంతకము ఎందరికి దొరకును? క్రమక్రమముగా సంస్కరింతమను మార్గమునకు ఇదియే స్వభావము. అది పైవాని అనుమతితో క్రిందివానికి మేలు చేయజూచును.

బసవేశ్వరుడు ఈ మార్గమును ఎరుగనివాడు కాడు. బిజ్జలుని కొలువులో భాండాగారము ఆయన చేతిలో నుండెను. తలచినచో పన్నులు తగ్గించు శాసనము వ్రాయించి, అన్నసత్రము తెరిపించి, దయాళువగు మంత్రి యను కీర్తితో తృప్తి పడియుండవచ్చును. ఆయన కోరినది అది కాదు. ఉపనయనమును త్రోసిపుచ్చి ఇల్లు విడిచిన బాలుడు, పెద్దవాడై అనుభవమంటపమున కూర్చుండు వరుసనే మార్చెను. అల్లమ ప్రభువు అధ్యక్షుడైన ఆ సభలో పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోలుపని చేయు డోహర కక్కయ్య, మడివాళ మాచయ్య పండితులతో సరిసమానముగా కూర్చుండిరి. కులమునకు మెఱుగు దిద్దుట వేరు, కులమును నిరాకరించుట వేరు. శరణులు రెండవదానిని చేసిరి.

వారి కాయక సిద్ధాంతము కూడ అట్టిదే. నులియ చందయ్య గడ్డి కోసి తాళ్ళు పేని అమ్మి జంగమ దాసోహము చేసెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీట జారిపడినదట. కాయకము ముగియనిదే దానిని తీయనని ఆయన పట్టు పట్టెనట. తుదకు మాచయ్య తీర్పుతో లింగమే తాళ్ళు మోసి అమ్మవలసి వచ్చినదని శరణ సంప్రదాయము. కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాళ్ళు పేను స్త్రీలు గల కోనసీమలో ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. దేవుడే ఆ పని చేయవలసివచ్చిన మతములో ఆ పని చేయువారి కూలి తక్కువగా నుండుట ఎట్లు పొసగును?

అల్లవరమునకు ఎంతో దూరము లేని దాక్షారామము శైవులకు మరొక పాఠము చెప్పును. మల్లికార్జున పండితారాధ్యుడు అచ్చట జన్మించిన మహనీయుడు. శివభక్తిలో ఆయనకు లోటు లేదు. బసవేశ్వరునిపై ఆయనకు గల ప్రేమను పాల్కురికి సోమనాథుడు తనివితీర వర్ణించెను. కాని బసవేశ్వరుడు త్రెంచిన బ్రాహ్మణ్యమును ఆయన త్రెంపలేకపోయెను. శివుని పూర్తిగా అంగీకరించి, వర్ణమును కొంత అట్టే యుంచెను. ఆయన కల్యాణమునకు పయనమై, త్రోవలోనే బసవేశ్వరుని లింగైక్య వార్త విని శోకించెనని చెప్పుదురు. పండితారాధ్యుని తక్కువ చేయుట ఎవరికిని తగదు. అయినను ఆయన పయనములో ఒక బాధ కలదు. సగము దూరము నడచినవాడు ఎంత పుణ్యాత్ముడైనను కల్యాణము చేరలేదు.

"మరి కల్యాణ విప్లవము రక్తపాతముతో ముగియలేదా?" అని పెద్దలు ప్రశ్నింతురు. ముగిసినది. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడైన మధువయ్య కుమార్తెను ఇచ్చి పెండ్లి చేసిరని, బిజ్జలుడు ఆ తండ్రు లిరువురను క్రూరముగా చంపించెనని సంప్రదాయము చెప్పును. తరువాత బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు చెదరిపోయిరి, బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెను. కాని మొదట కత్తి దూసినదెవరు? ఒక పెండ్లి చేసినవారా, ఆ పెండ్లిని సహింపనివారా? విప్లవమనగా రక్తము చిందించుట కాదు. పీఠము మార్చుట. రక్తము సాధారణముగా పీఠము దిగనొల్లనివాని చేతనే మొదలగును.

ఆధునిక కాలమునను ఇట్టిదే జరిగెను. 1946 నుండి 1951 వరకు తెలంగాణలో సాగిన సాయుధ రైతాంగ పోరాటములో మూడువేల గ్రామములలో సుమారు 10 లక్షల ఎకరములు పంచితిమని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసెను. ఆ నల్లగొండ జిల్లాలోనే, పోచంపల్లిలో, 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబాభావేకు 100 ఎకరములు దానమిచ్చుటతో భూదానోద్యమము పుట్టెను. ఆ దాత ఔదార్యమును శంకింప నక్కరలేదు. కాని భూమి అడుగుటకు పేదలు భయము విడిచిన తరువాతనే, ఇచ్చుటకు ధనికులకు మనసు మెత్తబడినది. ఈ వరుసను మరచి దానమును మాత్రమే పొగడువారు చరిత్రను తలక్రిందులుగా చదువుచున్నారు.

సుందరయ్య నాస్తికుడు గదా, ఆయన ప్రసక్తి వీరశైవుల పత్రికలో ఏల యని కొందరు అనవచ్చును. ఆయన తన పేరు చివరి కులనామమును విడిచెను. ఆస్తిని ఉద్యమమునకు ధారపోసెను. శివుని నమ్మనివాడు ఈ రెండు పనులు చేయగా, నమ్మినవారు ఒకటియైనను చేయలేదే యని శరణులు అడుగరా?

దానమునకు, దాసోహమునకు గల భేదము ఇక్కడనే తెలియును. దానమునందు ఇచ్చువాడు పైన నుండును. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. సొమ్ము మొదటినుండియు సంఘముదే. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చి భార్య లక్కమ్మ కిచ్చెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఆమె దానిని తాకలేదు. ఎక్కడ తెచ్చితిరో అక్కడ పోసి రండని భర్తను పంపెను. సమసమాజవాదమునకు ఇంతకంటె సులభమైన పాఠ్యపుస్తకము లేదు. లక్కమ్మ మిగులు బియ్యమును పేదలకు పంచి పుణ్యము కట్టుకొనలేదు. మిగులునే ఇంటిలోనికి రానీయలేదు.

ఇక వీరశైవ కుటుంబములు తమ వంక చూచుకొనవలసి యున్నది. కులమును నిరాకరించిన సంఘము తానే ఒక కులమై, అందులో మరల జంగములని, బలిజలని, ఆరాధ్యులని వియ్యములకు హద్దులు గీచుకొన్నది. 2022 మే 24న, జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చుటను కాదని అమలాపురములో ఇండ్లు తగులబెట్టిరి. ఒక పేరే ఇంత మంట రేపగలిగినచో, కులము తనంత తానే మెల్లమెల్లగా అరిగిపోవుచున్నదను మాటను ఎవరు నమ్మెదరు? హరళయ్య వారసులమను వారు ఆనాడు ఏమి పలికిరో ఎవరికివారు తలచుకొనవలెను.

మఠములకు, సంపన్న కుటుంబములకు భూములున్నవి. వానిని దున్నువారును ఉన్నారు. వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతికి పూలమాలలు, ప్రభలు, ఊరేగింపులు సిద్ధమగును. ఆనాడే మఠపు అరుగుమీద, అందరి యెదుట, ఏ చేను ఎవరు దున్నుచున్నారో, ఎన్ని ఏండ్లనుండి దున్నుచున్నారో, ఎన్ని బస్తాలు కౌలుగా కొలుచుచున్నారో చదివి వినిపింపవచ్చును. ఏ చట్టమును తొందరపెట్టకయే కౌలు పత్రముపై సంతకము చేయవచ్చును. పొట్టకు మించిన భూమిని దున్నువాని పేరనే వ్రాయవచ్చును. ఆ దినమున పంక్తిలో మొదటి విస్తరి ఆ కౌలుదారునకు, అతని ప్రక్కనే పీఠాధిపతికి వేయవచ్చును.