బావగారి బ్యాటరీ

అనగనగా భోగాపురంలో ఒక పెద్దాయన. అనగనగా అన్నానని మరీ వెనక్కి వెళ్లక్కర్లేదు, ఎయిర్‌పోర్టు పనుల లారీలు హైవే మీద దుమ్ము రేపుతున్న కాలమే. పిల్లలు విశాఖలో స్థిరపడ్డారు. ఇంట్లో ఆయనా, ఆవిడా, రెండు ఏసీలు, ఒక నీళ్ల మోటారు. నెలకు 300 యూనిట్లు కాలేవి. 2022 నాటి స్లాబుల్లో మొదటి యూనిట్ 1.90 రూపాయలైతే, 225 దాటాక ఒక్కోటి 8.75. అలా మెట్లెక్కి ఒక్క కరెంటు లెక్కే 1,670 పైచిలుకు అయ్యేది, ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. పెద్దాయన డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాడు. 78,000 సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడింది. లైనుకు పోసిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసే నెట్ మీటరు బిగించారు. మంచి ఎండ కాస్తే రోజుకు పన్నెండు యూనిట్లు వచ్చేవి. బిల్లు దిగిపోయి ఫిక్స్‌డ్ ఛార్జీలూ చిల్లరా మిగిలాయి. ఆయన అక్కడితో ఆగి ఉంటే మనకు ఈ కథ లేదు.

ఒకనాడు ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మధ్యాహ్నం మీ కరెంటంతా డిస్కమ్‌కి పోతోంది సార్. రాత్రి మళ్లీ వాళ్ల దగ్గరే తెచ్చుకుంటున్నారు. మీ పంట మీ గాదెలోనే పోసుకోవచ్చు కదా?" పెద్దాయన రైతు. గాదె మాట ఆయన్ని పట్టేసింది. ఉన్న ఇన్వర్టరు తీయించి హైబ్రిడ్‌ది పెట్టించాడు, గోడకు ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ తగిలించాడు. మొత్తం 1,80,000 రూపాయలు. సూర్యఘర్ సబ్సిడీ పలకలకే గాని బ్యాటరీకి లేదని అప్పుడే తెలిసింది.

నెల తిరిగింది. బిల్లు తగ్గలేదు. లైన్‌మన్‌గా రిటైరైన బావమరిదికి కబురు పెట్టాడు.

బావమరిది బిల్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. "తగ్గడానికి ఏటుంది బావా? మిగిలినవి ఫిక్స్‌డ్ ఛార్జీలే కదా. నువ్వు మద్దేనం పోసిన యూనిట్‌కి ఆళ్లు రాత్రి యూనిట్ తిరిగిస్తన్నారు. అద్దె నేదు, తరుగు నేదు. నీ గాదెలో పది గింజలు పోస్తే తొమ్మిదే తిరిగొస్తన్నాయి."

పెద్దాయనకు ఒళ్లు మండింది. "మరి మొన్న వేసవిలో, ఈ బ్యాటరీ పెట్టకముందు, మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, నెత్తిన పలకలుండగానే నా ఫ్యాను ఆగిపోయిందే! అదెక్కడి న్యాయంరా?"

"ఆగాల బావా. లైను సచ్చిందని నమ్మి నాను స్తంభం ఎక్కితే, నీ డాబా మీంచి కరెంటొచ్చి నన్ను కొట్టకూడదు. అందుకే లైను పోతే నీ పాత మిషను దానంతటదే ఆగిపోయేది. హుద్‌హుద్ తుపానప్పుడు ఎన్ని స్తంభాలెక్కానో నీకు తెల్దా?"

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. మూడు రాత్రులు ఊరంతా చీకటి. బ్యాటరీ పుణ్యమా అని వెలిగింది పెద్దాయన ఇల్లొక్కటే. అరుగు మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే వీధిలో వాళ్ల సెల్‌ఫోన్లన్నీ దానికే వేలాడాయి. మూడిళ్ల అవతల ఒక ముసలమ్మ ఆక్సిజన్ మిషను మీద ఉంది. కొడుకు పరుగున వస్తే ఇక్కణ్ణుంచే వైరు లాగారు. ఆ మిషను 300 వాట్లు లాగుతుంది. మబ్బు పట్టి పలకల నుంచి వచ్చింది అంతంతమాత్రం. రెండో రాత్రికి పెద్దావిడ ఫ్రిజ్ ఆపేసి, పాలు విరిగినా పర్వాలేదంది.

కరెంటొచ్చాక పెద్దాయన మీసం దువ్వాడు. "ఇప్పుడు చెప్పరా, దండగేనా?"

"నీ ఏసీకైతే దండగే బావా. ఆ అమ్మ మిషనుకైతే కాదు. కాని నువ్వు కొన్నది ఆవిడ కోసం కాదు గదా!"

నీతి: బిల్లు కోసం కొనే బ్యాటరీ వేరు, చీకటి కోసం కొనే బ్యాటరీ వేరు. రెంటినీ ఒకే ధరకు ఒకే మాటతో అమ్ముతారు గనకే ఇంత గందరగోళం.

బిల్లు లెక్క కాగితం మీద తేల్చవచ్చు. నెట్ మీటరే లేదనుకుందాం. ఆ బ్యాటరీ రోజూ నాలుగున్నర యూనిట్లు మిగిల్చిందనీ, ప్రతి యూనిట్‌నూ 8.75 స్లాబులోనే తప్పించిందనీ ఉదారంగా అనుకుందాం. ఏడాదికి 14 వేల పైచిలుకు. 1,80,000 తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతాయి. లిథియం బ్యాటరీలకు గ్యారంటీ సాధారణంగా పదేళ్లు. ఇక యూనిట్‌కు యూనిట్ తిరిగిచ్చే నెట్ మీటరుంటే ఆ 14 వేలు కూడా ఉండవు. ఇంత చిన్న గుణకారం అమ్మే కుర్రాడికి రాదని నేననుకోను.

ఈ లెక్క అన్నిచోట్లా ఇంతే అనలేం. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా సోలార్ పెట్టేవారు గ్రిడ్‌కు పోసే కరెంటుకిచ్చే విలువ బాగా కోసేశారు, దాంతో అక్కడ పలకలతో పాటు బ్యాటరీ కొనడం మామూలైంది. జర్మనీలో పోసే యూనిట్‌కు వచ్చేదాని కంటే కొనే యూనిట్‌కు కట్టేది మూడు రెట్ల పైమాటే. మన దేశంలోనూ 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. స్మార్ట్ మీటర్లు పెట్టాక ఎండ వేళల కరెంటు చౌకగా, సాయంత్రపు కరెంటు ప్రియంగా ఉండాలన్నది వాటి సారాంశం. ఆ తేడా భోగాపురం ఇళ్ల బిల్లుల్లోకి వచ్చినప్పుడు, లేదా నెట్ మీటరు షరతులు మారినప్పుడు, పైన వేసిన గుణకారం కొత్త అంకెలతో మళ్లీ వేయాల్సిందే. అప్పటికి బ్యాటరీ ధర తగ్గితే తొందరపడనందుకు అదొక లాభం.

చీకటి లెక్కకు రూపాయల్లో జవాబు దొరకదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన తీరం ఇది. కాని దానికీ లక్షల సరుకే కావాలని లేదు. బల్బులకూ ఫ్యాన్లకూ మామూలు ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి చాలు. అందులో 1,800 వాట్ అవర్లుంటాయి. బ్యాటరీ పదికాలాలు మన్నాలంటే సగమే వాడుకోవాలి. ముసలమ్మ మిషనుకు అది మూడు గంటలైనా రాదు. అలాంటి మిషను ఉన్న ఇంట్లో గోడ మీద ఏ బ్యాటరీ ఉన్నా, తుపాను కబురు రాగానే ఆక్సిజన్ సిలిండరు నింపించి మంచం పక్కన పెట్టుకోవాలి.