"ఏడవకండి" అనవచ్చునా?

చావు జరిగిన ఇంటికి వెళ్ళి మనం మొదట అనే మాట, "ఏడవకండి, అంతా దేవుని చిత్తం" అని. ఇది ఓదార్పా, నోరు మూయించడమా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో శవం ఇంట్లో ఉన్న రాత్రి భజనవారు వచ్చి తత్వాలు పాడుతారు. పాటకూ పాటకూ నడుమ ఇంటివారు పోయినవారిని తలచుకొంటారు, ఏడుస్తారు. ఎవరూ వారించరు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద, దొరలను ఎదిరించిన పండుగ సాయన్న కథ పాడారు. సాయన్న పోయి తరాలు గడిచినా పాలమూరు ఆయనను మరువలేదంటే, ఆ దుఃఖానికి ఒక పాట ఉంది గనుకనే.

మరి విశ్వాసి ఏడవరాదా? లాజరును లేపబోతున్నానని ఎరిగియుండి కూడ ప్రభువు అతని సమాధికి వెళ్ళే దారిలో కన్నీళ్ళు పెట్టుకొన్నారని యోహాను సువార్త 11వ అధ్యాయం తెలుపుతుంది. ఉత్థానాన్ని నమ్మినవారు కూడ ఏడవవచ్చు. ప్రేమించినవారే గదా ఏడ్చేది!

కనుక నవంబరు 2న, మృతుల స్మరణ దినమున, సమాధులపై కొవ్వొత్తులు వెలిగించి వెంటనే తిరిగిరాకండి. అక్కడే కూర్చొని, పోయినవారికి ఇష్టమైన పాట ఒకటి పాడండి. పిల్లలు చావును గూర్చి అడిగితే అడగనివ్వండి. జవాబు తెలియకపోతే తెలియదనండి. లేచిపోకుండా తోడుగా ఉండండి.